రెండో ప్రశ్నకు మీ దగ్గర జవాబుందా?

మీ రెజ్యుమే ఒకసారి తీయండి. 'ప్రాజెక్ట్' అన్న చోట ఏం రాశారో చదవండి. ఇప్పుడు నిజం చెప్పండి, అడిగేది మీ మనస్సాక్షే కాబట్టి ఫర్వాలేదు. అది మీరు చేసిందేనా? లేక నలుగురు కలిసి డబ్బులేసుకుని, రిపోర్టు, పీపీటీతో సహా రెడీమేడ్‌గా తెచ్చుకున్నదా?

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకు అందరూ జవాబు చెప్పేస్తారు. 'మీ ప్రాజెక్టు గురించి చెప్పండి' అనగానే బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు గడగడా వచ్చేస్తాయి. చిక్కంతా రెండో ప్రశ్నతోనే. 'మధ్యలో ఏది పనిచేయలేదు? అప్పుడు మీరేం చేశారు?' కొనుక్కొచ్చిన ప్రాజెక్టులో ఏదీ చెడిపోదు కదా! అందుకే అక్కడ నోరు పెగలదు.

మా అక్క కొడుకుకు ఇదే జరిగింది. చిత్తూరు జిల్లా కుర్రాడు, మెకానికల్ ఇంజినీరింగ్, ఫస్ట్ క్లాస్. డిగ్రీ చేతికొచ్చి రెండేళ్లయినా ఉద్యోగం లేదు. చివరి ఇంటర్వ్యూలో ఓ పెద్దాయన, 'టార్క్ రెంచి ఎప్పుడైనా పట్టుకున్నావా బాబూ?' అని మాత్రం అడిగారట. వీడు నిర్వచనం చెప్పాడు. ఆయన నవ్వి ఫైలు మూసేశారు. ఇంటికొచ్చి వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. 'బ్యాంకు కోచింగ్‌కు పోరా నాయనా' అని మా అక్క పోరు పెట్టింది. నేను మాత్రం వాణ్ని వాళ్ల తోటలో చింతచెట్టు కింద పడి ఉన్న జీపు దగ్గరికి తీసుకెళ్లాను. ఎందుకో చెబుతాను.

కోళ్లు గుడ్లు పెట్టిన సీటు

దామలచెరువు దగ్గర వాళ్లకో మామిడి తోట ఉంది. వాళ్ల తాత కొన్న మహీంద్రా ఎంఎం 540 జీపు అక్కడే ఉండేది. ఆయన పోయాక దాన్ని కదిపినవాళ్లు లేరు. తొమ్మిదేళ్లు ఎండకు ఎండి వానకు తడిసింది. వైర్లు ఎలుకలు కొరికేశాయి. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెట్టేవి. పాత ఇనుము వ్యాపారి వచ్చి ధర కూడా చెప్పి వెళ్లాడు.

ఈ బండికో చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపును 1940 దశకం చివర్లో మహీంద్రా మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. 1980 దశకంలో వచ్చిన ఎంఎం 540 ఆ వంశంలోదే. ప్యూజో డిజైన్‌తో చేసిన 2.1 లీటర్ల డీజిల్ ఇంజిన్, ముందూ వెనకా కమాన్ కట్టలు, అవసరమైతే నాలుగు చక్రాలకూ పవర్. రాయలసీమ పల్లెల్లో ఇలాంటి జీపులు మోయనిదేముంది? మామిడికాయల గంపలు, పెళ్లిబృందాలు, ఎన్నికల మైకులు, పురిటినొప్పులతో ఉన్న ఆడవాళ్లు... అన్నిటినీ మోశాయి. ఇప్పుడు రోడ్ల మీద కనిపించే థార్‌కు ఇవే పెద్దలు.

మీకిది ఎందుకు ముఖ్యమంటే, ఈ బండ్లలో దాదాపు ఏదీ కంప్యూటర్ వెనక దాక్కోదు. తప్పు ఎక్కడుందో స్క్రీన్ మీద కోడ్ రాదు. మీరే చూడాలి, వినాలి, తడమాలి, కొలవాలి. నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి గురువు ఉండడు.

ముందు కాగితం, తర్వాతే పానా

మావాడు మొదటిరోజే పానా పట్టుకున్నాడు. 'ముందు ఆర్సీ తీసుకురా' అన్నాను. ఫ్రేమ్ మీద కొట్టిన ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఆర్సీతో సరిపోయాయో లేదో చూడాలి. సరిపోకపోతే మీరు ఎంత కష్టపడినా ఆ బండి రోడ్డెక్కదు. ఓనరు చనిపోతే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటితే రెన్యువల్‌కు ఫారం 25, ఫిట్‌నెస్ పరీక్ష. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజులు బాగా పెరిగాయి, ఆ లెక్క కూడా ముందే చూసుకోవాలి.

ఇంకో మాట. యూట్యూబ్ చూసి పెద్ద టైర్లు, ఎత్తు పెంచే కిట్లు, వేరే ఇంజిన్ అంటూ ఊహల్లో తేలకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. బండిని మళ్లీ మునుపటిలా చేయడం వేరు, మన సరదాకు మార్చేయడం వేరు. నిబంధన చదివి పని మొదలుపెట్టే అలవాటు ఏ ఉద్యోగంలోనైనా మిమ్మల్ని కాపాడుతుంది.

పెయింట్ ఆఖర్న

పాత బండి బాగుచేద్దాం అనగానే నూటికి తొంభై మంది ముందు అడిగేది 'ఏం రంగు వేద్దాం మామా?' అనే. మావాడూ అదే అడిగాడు. రంగు ముందు వేస్తే లోపలి తుప్పు కనిపించదు. కనిపించని తుప్పు ఆగదు కూడా. మేం పెట్టుకున్న వరుస ఇది: ముందు ఛాసిస్, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత స్టీరింగ్, సస్పెన్షన్, అప్పుడు ఇంజిన్, చిట్టచివర పెయింట్. కదిలించే ఇంజిన్ కంటే ఆపే బ్రేకు ముందు సిద్ధంగా ఉండాలి.

ఇంజిన్ విషయంలోనూ తొందరపడలేదు. ఏళ్ల తరబడి నిలబడిన డీజిల్ ఇంజిన్‌కు కొత్త బ్యాటరీ పెట్టి ఒక్కసారి సెల్ఫ్ కొట్టేస్తే లోపల బిగుసుకున్న భాగాలు దెబ్బతినొచ్చు. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి తీశాం. ఆయిల్, ఫిల్టర్లు మార్చాం. ఇంజిన్‌ను చేత్తో తిప్పి, స్వేచ్ఛగా తిరుగుతోందని నమ్మకం కుదిరాకే స్టార్ట్ చేశాం.

మీ రెజ్యుమే సంగతి కూడా ఇంతే. టెంప్లేట్ మార్చి, ఫాంట్ మార్చి, లింక్డ్‌ఇన్ ఫొటో మార్చి కూర్చుంటాం. ఛాసిస్ మాత్రం చూసుకోం.

కమాన్ కట్టల్లో ఒక పేపర్

అసలు చదువు సస్పెన్షన్ దగ్గర మొదలైంది. జీపును చదునైన నేల మీద నిలబెట్టి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలిచాం. వెనక కుడివైపు అంగుళంన్నర కిందికి ఉంది. ఎందుకు? పైనుంచి చూస్తే ఏమీ లేదు. కట్ట విప్పి, తుప్పు, జిడ్డు గోకి కడిగితే క్లిప్ కింద ఒక పట్టీ విరిగి ఉంది. ఎడమవైపు విప్పితే ఇంకో వింత. కంపెనీ ఇచ్చినవాటి కంటే ఒక పట్టీ ఎక్కువ. గంపలు మోయడానికి వాళ్ల తాత ఎప్పుడో రెండు వైపులా వేయించాడన్నమాట. బండి ఎలా బతికిందో కట్ట చూస్తే తెలిసిపోయింది.

పట్టీ ఒకటి ఎక్కువైతే ఏమవుతుంది? బరువు మోస్తుంది, కానీ ఖాళీగా వెళ్లేటప్పుడు నడుము విరగ్గొడుతుంది. స్ప్రింగ్ గట్టిదనం పట్టీ మందానికి ఘనంగా పెరుగుతుందని మీరు మెషిన్ డిజైన్‌లో చదువుకున్నారు. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. మావాడు పరీక్షలో ఆ సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. పట్టీ చేతిలో పట్టుకున్నాక, 'మామా, ఇదా అది!' అన్నాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను.

తిరుపతిలో లారీల కమాన్ కట్టలు చేసే ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. సాగిపోయిన పట్టీలను కొలిమిలో కాల్చి మళ్లీ వంపు తెప్పించడం సులువే. అయితే కాల్చిన ఉక్కును సరిగ్గా చల్లార్చి, టెంపర్ చేయకపోతే దాని స్ప్రింగు గుణం పోతుంది. నాలుగు నెలలకే మళ్లీ కూలబడుతుంది. అందుకే విరిగిన కట్ట, దాని జోడీ రెండూ కొత్తవి వేయించాం. యూ-బోల్టులు కూడా కొత్తవే. సాగిన బోల్టును రెండోసారి నమ్మకూడదు.

బిగించేటప్పుడు ఇంకో సూక్ష్మం తెలిసింది. రబ్బరు బుష్‌లున్న చోట బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. బండి బరువు కట్టల మీద పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరిగిపోతుంది. ఆ రోజే మావాడు టార్క్ రెంచి మొదటిసారి పట్టుకున్నాడు. కొంత దూరం నడిపాక యూ-బోల్టులను మళ్లీ సరిచూశాడు, ఎవరూ చెప్పకుండానే.

ఒక హెచ్చరిక: జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి దూరకండి. స్టాండ్లు పెట్టండి. రాళ్లు, ఇటుకలు పెట్టి పని కానివ్వకండి. కట్ట సెంటర్ బోల్టు విప్పే ముందు క్లాంపు వేయండి. నొక్కి ఉన్న ఉక్కు ఎగిరి కొడితే ప్రమాదం.

జ్వరం యాడుంది?

కట్టలు కుదిరాయి, బండి కదిలింది. సంబరంగా భాకరాపేట వైపు తీసుకెళ్లాం. యాభై కిలోమీటర్ల వేగంలో ఒక చిన్న గుంత తగిలింది. అంతే, ముందు చక్రాలు రెండూ టకటకా ఊగిపోవడం మొదలైంది. స్టీరింగ్ చేతుల్లో నిలవలేదు. వేగం తగ్గిస్తేగానీ ఆగలేదు.

'షాకర్లు పోయుంటాయి మామా' అన్నాడు. చూసినవాళ్లూ అదే మాటన్నారు. కొత్త షాక్ అబ్జార్బర్లు నాలుగూ వేయించాం. డబ్బులు పోయాయి, వణుకు మాత్రం పోలేదు.

అప్పుడు పెద్ద మేస్త్రీ ఒకాయన దగ్గరికెళ్లాం. చదివింది ఐదో తరగతి. మావాణ్ని చూసి, 'ఏమప్పా ఇంజినీరూ, జ్వరం యాడుందో చూడకుండా దుప్పటి మారిస్తే తగ్గుతాదా?' అన్నాడు. ముందు చక్రం పైకి లేపించి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపమన్నాడు. ప్లే తెలిసింది. 'ఇప్పుడు బ్రేకు తొక్కి పట్టుకో' అన్నాడు నాతో. మళ్లీ ఊపితే ప్లే అలాగే ఉంది. 'బ్రేకు తొక్కినాక పోయుంటే వీల్ బేరింగు. పోలేదు గదా, అయితే కింగ్ పిన్ను.'

అంతే! ఒక్క పైసా ఖర్చు లేదు. బ్రేకు తొక్కితే హబ్, దాని వెనక భాగం ఒక్కటిగా బిగుసుకుంటాయి కాబట్టి వీల్ బేరింగు ప్లే కనిపించదు. ఇంకా కదులుతోందంటే తప్పు వెనకున్న కింగ్ పిన్‌లోనిది. ఒక అనుమానాన్ని రెండో అనుమానం నుంచి విడదీసే పరీక్ష ఇది. మీ పాఠ్యపుస్తకం దీన్నే ఫాల్ట్ ఐసోలేషన్ అంటుంది. మేస్త్రీకి ఆ పేరు తెలియదు, పని తెలుసు. కింగ్ పిన్ బేరింగులు మార్చి, షిమ్‌లతో బిగువు సరిచేసి, ఆ బిగువును స్ప్రింగ్ బ్యాలెన్స్‌తో లాగి చూసుకున్నాం. అరిగిన టై రాడ్ ఎండ్‌లు కూడా మార్చాం. వణుకు పోయింది.

ఆ రాత్రి మావాడు నోటుబుక్కులో రాసుకున్న మాట: 'షాకర్లు మార్చడం నా తప్పు. వినబడిన చోట కాదు, పుట్టిన చోట వెతకాలి.' రెండేళ్లుగా ఏ కోచింగ్ సెంటరూ వాడికి నేర్పనిది ఇదే.

ఉద్యోగానికి దీనికీ లంకె ఏంటి?

మీరున్న చోటు ఒకసారి చూసుకోండి. శ్రీసిటీలో ఇసుజు 2016 నుంచి వాహనాలు తయారుచేస్తోంది. అక్కడి డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్ వెనక చక్రాల మీద ఇప్పటికీ కమాన్ కట్టలే ఉంటాయి. సత్యవేడు మండలం మాదనపాలెంలో హీరో మోటోకార్ప్, చిన్నపాండూరులో అపోలో టైర్స్, తిరుపతి పక్కనే కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు. సరిహద్దు దాటితే శ్రీపెరుంబుదూరు, ఒరగడం వాహన పరిశ్రమలు. ఇంజినీరింగ్, డిప్లొమా వాళ్లకు నాట్స్ పోర్టల్‌లో, ఐటీఐ వాళ్లకు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో అవకాశాలు పడుతుంటాయి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు ఆటోమొబైల్ లేదా మెకానికల్ చదువుతో పాటు డ్రైవింగ్ లైసెన్స్ కూడా అడుగుతారు. ప్రమాదానికి గురైన బండి నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ పనికి కూడా కింద దూరి చూసిన కళ్లే కావాలి.

అలాగని జీపు బాగుచేస్తే ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ, మొదట్లో ఇచ్చే స్టైపెండ్ గదిఅద్దెకు, మెస్సుకు సరిపోతే గొప్ప. ఇవన్నీ నిజాలు. కానీ మీలాంటి డిగ్రీనే ఉన్న వందమంది వరుసలో కూర్చున్నప్పుడు మిమ్మల్ని వేరుచేసేది ఏంటి? మార్కులు కావు, అవి అందరికీ ఉన్నాయి. సొంత తప్పు ఒకటి, దాన్ని దిద్దుకున్న తీరు ఒకటి. ఈ రెండింటినీ ఎవరూ అమ్మరు.

'మా దగ్గర జీపు లేదు కదా!'

నిజమే. పైగా మా లెక్క తీస్తే బండి విలువ కంటే బాగుకు పెట్టిందే ఎక్కువ. అందుకని అప్పు చేసి పాత జీపు కొనమని నేను చెప్పడం లేదు. మీ ఇంట్లో మూలనపడ్డ టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఉంటుంది. పొలంలో నీళ్లు తక్కువ పోస్తున్న మోటారు ఉంటుంది. మిక్సీ ఉంటుంది. ఒక్కటి తీసుకోండి. కాలేజీలో ఉంటే బాహా ఎస్ఏఈ ఇండియా పోటీకి బండి కట్టే టీములో చేరండి. 2007 నుంచి జరుగుతున్న ఈ పోటీలో విద్యార్థులే సొంతంగా ఆల్ టెరైన్ బండి డిజైన్ చేసి, కట్టి, నడపాలి. సస్పెన్షన్ అంటే ఏంటో అక్కడ నడుముకు తెలుస్తుంది.

'కంప్యూటర్స్ వాళ్లం, మాకెందుకు?' అంటారా? షాకర్లు మార్చిన తప్పే మీరూ చేస్తున్నారు. ఎర్రర్ వస్తే కారణం వెతక్కుండా ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్ అతికించడం అదే కదా! వదిలేసిన పాత సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకుని బతికించండి, అదే మీ జీపు.

'ఎలక్ట్రిక్ బండ్లు వచ్చాక ఇవన్నీ ఎవరిక్కావాలి?' అని ఇంకొందరు. ఇంజిన్ పోతుంది గానీ బ్రేకు, స్టీరింగ్, సస్పెన్షన్ ఎక్కడికీ పోవు. బ్యాటరీ బరువు మోయాలి కాబట్టి సస్పెన్షన్ పని ఇంకా పెరుగుతుంది.

అమ్మాయిలకు ఒక మాట. మన ఊళ్లలో షెడ్డుకు ఆడపిల్ల వెళ్తే వింతగా చూస్తారు, కాదనను. కానీ కాలేజీ వర్క్‌షాప్ మీది కూడా. ఫీజు మీరూ కట్టారు. ల్యాబ్‌లో అబ్బాయిలు పానా పడితే మీరు రికార్డు రాసే పద్ధతికి ఈ వారమే స్వస్తి చెప్పండి.

చివరిగా అసలు అడ్డంకి. అది డబ్బు కాదు, నామోషీ. 'ఇంజినీరింగ్ చదివి మెకానిక్ షెడ్డులో ఏం పని?' అని ఊళ్లో నలుగురూ అంటారని భయం. మావాణ్నీ అన్నారు. నేనొకటే అడుగుతా: రెండేళ్లు ఇంట్లో ఫోను చూస్తూ కూర్చున్నప్పుడు ఆ నలుగురూ ఏమన్నారు? అప్పుడూ అన్నారు కదా! ఎలాగూ అంటారు. చేతికి గ్రీజు అంటించుకునే అనిపించుకోండి.

ఒక నోటుబుక్ కొనండి

ఈ వారంలో చేయాల్సింది చిన్న పనే. చెడిపోయిన వస్తువు ఒకటి ఎంచుకోండి. నోటుబుక్‌లో నాలుగు గళ్లు గీయండి: ఏం కనిపించింది, ఏం అనుకున్నాను, ఎలా పరీక్షించాను, ఏం తేలింది. విప్పే ముందు ఫొటో తీయండి. బోల్టు విప్పితే దేనిదో రాసి పెట్టండి. కొలిచిన ప్రతి అంకె రాయండి. తప్పు చేస్తే కొట్టేయకండి, తేదీ వేసి ఉంచండి. ఇంటర్వ్యూ గదిలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ పేజీయే.

మావాడు ఆ నోటుబుక్‌తోనే తర్వాతి ఇంటర్వ్యూకు వెళ్లాడు. రెండో ప్రశ్న వచ్చింది. షాకర్ల సంగతి, బ్రేకు తొక్కి చూసిన సంగతి చెప్పాడట. అవతలాయన కుర్చీ ముందుకు జరుపుకొని మూడో ప్రశ్న అడిగారట. ఇప్పుడు చెన్నై దారిలో ఒక కంపెనీలో అప్రెంటిస్. పర్మినెంట్ అవుతుందో లేదో ఇంకా తెలియదు. జీతం గురించి మా అక్క అడిగితే మాట మార్చేస్తాడు. కానీ ఫోన్ చేసినప్పుడు, ఆ రోజు ఏ మెషిన్ ఎందుకు ఆగిందో చెబుతాడు. మునుపు ఏమీ చెప్పేవాడు కాదు.

జీపు మామిడి సీజన్‌లో మళ్లీ కాయలు మోసింది. పెయింట్ మాత్రం ఇంకా వేయలేదు.